రాజ్యం చెవుల విషయమై

12-2-1961, ఆదివారం

ఈ ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, గుంటూరు పట్నంబజారులో కంసాలి యలమందయ్య అరుగు మీద, నా మేనకోడలు చిరంజీవి రాజ్యం, వయస్సు అయిదేళ్ళు, రెండు చెవులూ కుట్టబడినవి. ఆచారం కోరే మేనమామ ఒడిని నేను సమకూర్చాను.

యలమందయ్య పనితనానికి ఊళ్ళో ఎంత పేరుందో, చేతి వణుకుకూ అంతే ఉంది. చెవి తమ్మె మీద కాటుక చుక్క పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించి రెండుసార్లు తుడిచాడు. "పిల్ల ఏడుస్తదండీ, గట్టిగా పట్టుకోండి" అని నాకు ఆజ్ఞ. పట్టుకున్నాను. నోట్లో బెల్లంముక్క పెట్టాను. పిల్ల ఏడవలేదు. మొదటి చెవికి "అయిపోయిందా మామయ్యా?" అని అడిగింది. రెండో చెవికి బెల్లం నమలడం కాసేపు ఆపింది, అంతే. ఓదార్చి మంచివాడనిపించుకునే అవకాశం పోయినందుకు యలమందయ్య చిన్నబుచ్చుకున్నాడు.

చెవులకు ఎక్కించిన తీగ బంగారం, రాజ్యం తల్లి అయిన మా చెల్లెలు సుబ్బరావమ్మ కమ్మలు కరిగించి తీసినది. ఆమె పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి పిల్ల నా దగ్గరే.

ఈ విషయమై డైరీ ఎందుకు తెరవవలసి వచ్చిందో రాసుకోవడం సబబు. గత నెల చెల్లెలి సంవత్సరీకం నాడు ఆమె అత్తగారు పిచ్చమ్మ, విస్తళ్ళ ముందు కూర్చున్న బంధువులందరూ వినేటట్లు, ఇలా సెలవిచ్చింది:

"ఏమబ్బాయ్ చెంచురామయ్యా! అయిదో ఏడొచ్చినా పిల్ల చెవులు మొండిగా ఉన్నయ్యే! మేనమామవు నువ్వుండి ఏం లాభం? మగాడి పెంపకం ఇట్టాగే ఏడుస్తది. ఉగాది వెళ్ళిన ఆదివారం నేనొస్తా. అప్పటికి చెవులు కుట్టి, మాని, పోగులతో కనపడితే సరే. లేదూ, నా మనవరాల్ని దాచేపల్లి తీసుకుపోతా."

పిల్ల తండ్రి బుల్లయ్య బావ అక్కడే నిలబడి తన కాలివేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఆయన సున్నపురాయి గనిలో మేస్త్రీ. రాయిని తప్ప దేనినీ ఎదిరించి ఎరుగడు. ఇప్పుడు రెండో భార్యకు ఏడో నెల.

గడువు ముప్పై అయిదు రోజులు. పిల్ల ఎక్కడ పెరిగినా నాకు ఒకటే. అయితే ఒక ముసలామె గడువు పెట్టి నన్ను పరీక్షించడం నాకు సమ్మతం కాదు. విషయం అంతవరకే.

13-2-1961, సోమవారం

కింది ఉత్తరువు ఈ ఇంట్లో నేటినుంచి అమలులోకి వచ్చింది.

ఉదయం, సాయంత్రం గోరువెచ్చని ఉప్పునీళ్ళలో దూది ముంచి పక్కు నానబెట్టవలెను. నానిన తరువాత తీగను మెల్లగా ఒక చుట్టు తిప్పవలెను. పసుపు కలిపిన కొబ్బరినూనె చుక్క వేయవలెను. ఈ పనులన్నీ నేనే చేస్తాను. ఇతరులెవరూ చెవులను తాకరాదు. ముఖ్యంగా మిర్చి ముట్టిన చేతులు ఆ దరిదాపులకు రాకూడదు.

చివరి వాక్యం పక్కవాటా జోహరాబీని ఉద్దేశించినది. ఆమె మా కంపెనీ గోదాములోనే మిరపకాయల తొడిమలు తీసే కూలీ. నేను మధ్యాహ్నం గోదాములో ఉన్నప్పుడు, బడినుంచి వచ్చిన రాజ్యం జోహరాబీ కోడలు ఖుర్షిదా దగ్గర ఉంటుంది. కనుక ఉత్తరువు చదివి వినిపించాను.

జోహరాబీ విని, "మంచిది రామయ్యగారూ. మరి తమ చేతుల సంగతో?" అన్నది.

కూలీలు మిర్చిని ముట్టుకుంటారు. నేను మిర్చిని పరీక్షిస్తాను. ఇరవై ఏళ్ళుగా గ్రేడింగు సూపర్‌వైజరుగా కాయ విరిచి, గింజ నలిపి, వాసన చూసి, ఏది మేలురకమో ఏది రంగు చచ్చిన తాలుకాయో నిర్ణయిస్తున్నాను. ముట్టుకోవడానికీ పరీక్షించడానికీ ఉన్న తేడా ఆమెకు వివరించాను. పైగా నేను కార్బాలిక్ సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటాను.

"సబ్బుకు కారం పోద్దా అయ్యా! ఆముదం రాసుకుని, శనగపిండితో రుద్దుకుని, మజ్జిగతో కడగాలి. నా మనవణ్ణి నేనట్టాగే ఎత్తుకుంటా."

నేను బజ్జీలు వేయబోవడం లేదని చెప్పాను. ఆమె నవ్వింది. కారణం రాయదగినది కాదు.

14-2-1961

సాయంత్రం మంట అన్నది. కొత్త గాయానికి మంట సహజం.

15-2-1961

మంట.

17-2-1961, శుక్రవారం

రెండు తమ్మెలూ ఎర్రబడినవి. తీగ తిప్పుతుంటే పిల్ల రెండు చేతులతో నా మోకాలు పట్టుకుంటున్నది. దర్యాప్తు ప్రారంభించాను.

మొదటి ముద్దాయి కొబ్బరినూనె. మన షావుకార్లు వేరుసెనగనూనెకు కొబ్బరికాయ చూపించి కొబ్బరినూనె అని అమ్మగల సమర్థులు. సీసా పారబోశాను. ఇకమీదట నువ్వులనూనె.

20-2-1961, సోమవారం

నిన్న ఆదివారం రోజంతా పిల్లకు మంట లేదు. దొడ్లో ఖుర్షిదా కొడుకును ఆడించింది. రాత్రి కుడిచెవి కింద పెట్టుకొని పడుకొని నిద్రపోయింది. నువ్వులనూనె పనిచేసినట్లు రుజువైనది.

కొబ్బరినూనె అమ్మిన షావుకారు ఎదురుపడినప్పుడు విషయం చెప్పాను. అతడు నమ్మలేదు. నేరస్థులు నమ్మరు.

21-2-1961

మంట. నువ్వులనూనె కూడా కల్తీయే.

23-2-1961, గురువారం

రెండవ ముద్దాయి బడి. యాభైమంది పిల్లలు, నూరు చేతులు, ఒక్క నీళ్ళతొట్టి. ఈ ఉదయం గంట సెలవు పెట్టి పంతులమ్మ దేవకుమారిని విచారించాను. ఆమె కుర్చీలోంచి లేవకుండానే జవాబు చెప్పింది. ఈ కాలపు ట్రైనింగు అటువంటిది.

"మా దగ్గర బాగానే ఉంటుందండీ. చెవులు ఎవరినీ ముట్టుకోనివ్వదు. 'మా మామయ్య ఉత్తరువు' అంటుంది. పొద్దున వచ్చేటప్పుడే కాస్త ఎర్రగా ఉంటాయి. మధ్యాహ్నానికి తగ్గుతాయి."

"తగ్గితే మరి సాయంత్రం మంట ఎక్కడినుంచి వస్తున్నది?"

"అది సాయంత్రం ఇంట్లో ఉండేవాళ్ళని అడగాలండీ."

నేరాన్ని ఇళ్ళమీదకు తోయడం బడులకు కొత్త కాదు. లెక్కలు రానివాడి విషయంలోనూ ఇదే చెబుతారు.

26-2-1961, ఆదివారం

మంట లేదు. పక్కు మెత్తబడి దానంతట అదే ఊడింది. ఆదివారం బడి లేదు. మంట లేదు. ఇంతకంటె గట్టి సాక్ష్యం ఏ కోర్టుకూ అక్కరలేదు. రేపటినుంచి వారంరోజులు బడి మాన్పిస్తున్నాను.

27-2-1961

బడి లేదు. మంట ఉన్నది.

1-3-1961, బుధవారం

బడి మానిన మూడో రోజు. మంట యథాప్రకారం. ఈ విషయంలో బడి నిర్దోషి కావచ్చు. అది దేవకుమారికి తెలియజేయవలసిన అవసరం నాకు కనిపించలేదు.

మిగిలిన ముద్దాయి యలమందయ్య. గోదాము నుంచి వస్తూ అతని కొట్టు దగ్గర ఆగి, తీగలో రాగి ఎంత కలిపాడో నిజం చెప్పమన్నాను. ముందు బిత్తరపోయాడు. తరువాత కొలిమి ముందునుంచి లేచి వచ్చి, "అయ్యా, ఆ కమ్మలు నేను చేసినయ్యే. మీ చెల్లెలి పెళ్ళికి చేశా. వాటినే కరిగించి తీగ తీశా. ఆ పిల్ల తల్లి బంగారంలో నేను రాగి కలుపుతానా?" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. కంసాలులకు పొగవల్ల కళ్ళు చెమ్మగిల్లడం మామూలే.

2-3-1961

నేను చేతులు కడుగుతున్న చప్పుడు విని రాజ్యం మంచం కింద దూరింది.

"బయటికి రా."

"ఇవాళ వద్దు మామయ్యా."

"ఉత్తరువు ఉత్తరువే."

"మరి రేపు రెండుసార్లు తిప్పుదువు గానీ. ఇవాళొద్దు."

బేరమాడే గుణం తండ్రివైపుది. బయటికి లాగి కూర్చోబెట్టాను. చెవులు కడిగి తీగలు తిప్పాను. ఏడవలేదు. ఏడవకుండా ఉండడానికి చేసే ప్రయత్నం మాత్రం కనపడింది. పిల్లలకు క్రమశిక్షణ మొదట చేదుగానే ఉంటుంది. ఉగాదినాటికి పోగులతో కనపడకపోతే దీన్ని తీసుకుపోతారన్న సంగతి దీనికి తెలియదు. చెప్పదలచుకోలేదు.

5-3-1961, ఆదివారం

మంట లేదు. ఆదివారాలు ఈ పిల్లకు పడతాయని మాత్రం తెలుస్తున్నది. కారణం దైవాధీనం.

రేపటినుంచి మూడు రోజులు వినుకొండ వైపు పల్లెల్లో కల్లాల పరిశీలనకు కంపెనీ పంపుతున్నది. ఉత్తరువు మరొకసారి చదివి వినిపించాను. నేను వచ్చేవరకు చెవులను ఎవరూ ముట్టకూడదు. జోహరాబీ "సరే" అన్నది. అంత త్వరగా సరే అనడం నాకు నచ్చలేదు.

8-3-1961, బుధవారం

సాయంత్రం బండికి తిరిగివచ్చాను. చెవులు మెరుగుపడి ఉన్నవి. కుడి తమ్మె మామూలు రంగుకు వచ్చింది. ఎడమది వాపు తీసింది. తీగ తిప్పితే నూనెలో తిరిగినట్టు తిరుగుతున్నది, అని చెప్పింది ఎవరో కాదు, జోహరాబీ. అనగా ఆమె తిప్పింది.

ఇంతటి మెరుగుదల నా లిఖితపూర్వక ఉత్తరువుకు విరుద్ధంగా జరిగింది. సంజాయిషీ కోరాను.

"ఏం సంజాయిషీ అయ్యా! పక్కు కట్టి పిల్ల గోక్కుంటుంటే చూస్తా ఊరుకోమంటారా? చేతులు నూనె రాసి, పిండితో రుద్ది, కడుక్కునే ముట్టా. అడగండి దాన్నే."

రాజ్యం ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకొని నిలబడి, "జోహరవ్వ తిప్పితే మంట లేదు మామయ్యా" అన్నది.

పిల్లలను మంచి చేసుకోవడానికి కొందరు బెల్లం పెడతారు, కొందరు కబుర్లు చెబుతారు. ఈమె ఏ పద్ధతి అవలంబించిందో విచారించదలచుకోలేదు. మూడు రోజుల విశ్రాంతి వల్ల గాయం మానుతున్నదని అభిప్రాయం రాసుకొన్నాను. రేపటినుంచి బాధ్యత తిరిగి నాదే.

9-3-1961

మంట.

10-3-1961

మంట. ఈ రోజు గోదాములో నూట పది బస్తాలు పరీక్షించాను. మొదటి కోత సరుకు, చాలా ఘాటైనది. ఇంట్లో ఎవరికీ ఆ విషయంలో ఆసక్తి లేదు.

11-3-1961, శనివారం

ఎడమ తమ్మె రేగుపండంత అయింది. తీగ చుట్టూ చీము. పిల్ల ఒళ్ళు కాలుతున్నది. అన్నం వద్దన్నది. నేను దగ్గరకు వెళితే చెవులమీద చేతులు కప్పుకుంటున్నది.

ఇంకా ఎనిమిది రోజులు.

12-3-1961, ఆదివారం

డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాను. కుర్రవాడు. గోడమీద పటం కట్టిన పట్టా తప్ప అనుభవం కనపడలేదు. చెవి చూసి, మందు ఇచ్చి, "కుడిది మానుతుంది. ఎడమది మాత్రం తీగ తీసెయ్యాలి. రెండు మూడు రోజుల్లో తియ్యకపోతే తమ్మె చీలిపోతుంది. ఆ తర్వాత జన్మలో ఆ చెవికి పోగు పట్టదు" అన్నాడు.

"వచ్చే ఆదివారం తీయిస్తాను. ఆరోజు పిల్ల నాయనమ్మ చూడవలసి ఉన్నది."

"ఆవిడకు చూపించేది చెవినా అండీ, తీగనా?"

ఈ కాలపు డాక్టర్లకు మాటలు ఎక్కువ.

విషయాన్ని రెండువైపులా తూచి రాసుకుంటున్నాను. తీగ తీస్తే చెవి దక్కుతుంది, చిల్లు పూడుతుంది, పిచ్చమ్మ పిల్లను తీసుకుపోతుంది. తీగ ఉంచితే పోగులతో కనపడుతుంది, పిల్ల ఇక్కడే ఉంటుంది, చెవి చీలవచ్చు. డాక్టరు 'చీలిపోతుంది' అన్నాడు గాని, కుర్రవాళ్ళు ప్రతిదీ పెంచి చెబుతారు. వాపు మీద కాస్త జుట్టు దువ్వి కప్పితే ఒక్క పూట గడిచిపోతుంది. పిచ్చమ్మకు చూపు కూడా మందం.

నిర్ణయం: తీగ 19వ తేదీ వరకు ఉంచవలెను.

13-3-1961, సోమవారం

ఈరోజు జరిగినదాన్ని జరిగినట్టు రాస్తున్నాను.

గోదాము నుంచి అయిదున్నరకు వచ్చాను. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. ఉప్పునీళ్ళు, దూది సిద్ధం చేశాను. రాజ్యం జోహరాబీ వెనక దాక్కున్నది. జోహరాబీ మా గడపలో అడ్డంగా నిలబడింది. ఇటువంటి ధిక్కారం ఈ ఇంట్లో ఇంతకు ముందు జరగలేదు.

"చేతులు కడిగారా రామయ్యగారూ?"

"కడిగాను."

"శుభ్రంగా కడిగారా?"

"రెండుసార్లు."

"అయితే ఆ వేలు ఒక్కసారి తమ కంట్లో పెట్టుకోండి."

"ఎందుకు?"

"పరీక్షించండి. తమ ఉద్యోగమే అది గదా!"

వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు. వెనక్కు తగ్గడం సూపర్‌వైజరుకు తగదు. పైగా సబ్బుమీద నాకు అనుమానం లేదు.

పరీక్ష వివరం: కుడిచేతి చూపుడువేలు. ఎడమ కన్ను. సమయం అయిదూ ముప్పావు.

అయిదూ ముప్పావు మొదలు ఆరున్నర వరకు స్తంభం పట్టుకొని నిలబడ్డాను. నేను అరిచినట్టు వీధివాళ్ళు చెబుతున్నారు. నాకు జ్ఞాపకం లేదు. జోహరాబీ మజ్జిగలో గుడ్డ తడిపి తెచ్చి కంటిమీద వేసింది.  

కాసేపటికి రాజ్యం వచ్చింది. నేను దగ్గరకు పోతే పారిపోయే పిల్ల తనంతట తాను వచ్చి ఎదురుగా కూర్చున్నది.

"మంటా మామయ్యా?"

"లేదు."

"ఊదనా?"

ఊదింది. దానివల్ల ఉపయోగం లేదు. వద్దనలేదు.

14-3-1961, మంగళవారం

ఫిబ్రవరి 13 నుంచి 18 వరకు ఆరు సాయంత్రాలు. 20 నుంచి 25 వరకు ఆరు. 27 నుంచి మార్చి 4 వరకు ఆరు. 9, 10, 11 తేదీలు మూడు. గోదాముకు సెలవైన ఆదివారాలూ, నేను ఊళ్ళో లేని రోజులూ మినహాయించబడినవి. మొత్తం ఇరవై ఒకటి. చెవులు రెండు కనుక నలభై రెండు.

ఇరవై ఏళ్ళుగా నా చేయి నా కంటి దగ్గరకు వెళ్ళలేదు. కన్ను దురదపెడితే పైపంచె అంచుతో తుడుచుకుంటాను. చేతికి తెలిసిన సంగతి నాకు ఎవరూ తెలియజేయలేదు. తెలియజేసినవారు కూలీలు.

15-3-1961, బుధవారం

గోదాముకు సెలవు పెట్టి రాజ్యాన్ని యలమందయ్య దగ్గరకు తీసుకువెళ్ళాను. 12వ తేదీ నిర్ణయం రద్దు చేయబడినది. కంసాలి పట్టకారుతో ఎడమ తీగ తుంచాడు. చీమంటిన బంగారాన్ని కడిగి, కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. చిల్లు పూడిపోతుందనీ, మళ్ళీ కుట్టాలంటే బేసి సంవత్సరమే కావాలి గనుక ఏడో ఏటనే అనీ చెప్పాడు.

ఎలా జరిగిందని అడిగాడు. చెప్పాను. పట్టకారు పక్కన పెట్టాడు.

"దాచేపల్లి ఆవిడ అడిగితే నా పేరు చెప్పండయ్యా. చెయ్యి వణికి వంకరగా కుట్టానని చెప్పండి. ఎట్టాగూ అందరూ అనుకునేదే. పిల్ల మీ దగ్గరుంటది."

ఈ మనిషిని రాగి విషయమై విచారించినవాణ్ణి నేను. చేతివణుకు గురించి ఊళ్ళో అంతగా అనుకోవడం లేదని చెప్పాను. అది అబద్ధం. ఇద్దరికీ తెలుసు.

17-3-1961, ఉగాది

రాజ్యం ఉగాది పచ్చడి తిన్నది. జ్వరం లేదు. కుడిచెవి తీగ జోహరాబీ తిప్పుతున్నది. నేను గుమ్మం ఇవతల నిలబడి చూస్తున్నాను.

18-3-1961, శనివారం

పిచ్చమ్మకు సమర్పించడానికి సంజాయిషీ పత్రం తయారు చేశాను. నాలుగు పేజీలు. ఎడమ తమ్మె చెడడానికి కారణాలు అయిదు: నూనెల కల్తీ, బడిలో నీళ్ళతొట్టి, ఋతువు మార్పు, పిల్ల పడుకునే పద్ధతి, విధి. భాష నిర్దుష్టంగా వచ్చింది. నా చేతుల ప్రస్తావన అందులో లేదు. స్థలం చాలలేదు.

19-3-1961, ఆదివారం

మాచర్ల బండికి పిచ్చమ్మ దిగింది. ఒక్కతే వచ్చింది. కాళ్ళు కడుక్కోకముందే రాజ్యాన్ని వెలుతురులోకి లాగి, ముందు కుడిచెవి చూసింది. తల ఊపింది. తరువాత ఎడమచెవి చూసింది. చూపు మందమన్నది నా అభిప్రాయం మాత్రమే.

"ఏమబ్బాయ్, ఈ చెవికి పోగేదీ?"

నేను జేబులోని పత్రం మీద చెయ్యి వేశాను.

"ఆ కంసాలోడేనా? ఆయన చెయ్యి వణుకుద్దని మా ఊళ్ళో కూడా తెలుసు."

"ఆయన కాదు అత్తయ్యా."

"మరి? పక్కింటి సాయెబులామె తొడిమలు తీసే మనిషంట గదా? ఆ కారం చేత్తో ముట్టిందా? అదే! అదే అయ్యుంటది! ఓరి నాయనో, పచ్చిపుండు మీద కారం పెడితే మానుద్దా? ఇదిగో అబ్బాయ్, నీది తప్పని నేననను. ఆమెను ఈ గడప తొక్కనియ్యనని నాకు మాటియ్యి. పిల్లని నీ దగ్గరే వదిలి రేపటి బండికి పోతా."

దొడ్లో జోహరాబీ బిందె తోముతున్నది. తోముతున్న చప్పుడు ఆగింది.

ఒక్క మాట చాలు. ఆ మాట కూడా అక్కరలేదు. ఊరుకుంటే చాలు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఊరుకోవడం ఎలాగో నాకు బాగా తెలిసిన విద్య. రాజ్యం నావైపు చూస్తున్నది. అందులో నింద లేదు. మామయ్య ఇప్పుడు ఏం ఉత్తరువు ఇస్తాడా అని చూస్తున్నది.

"కారమే అత్తయ్యా. ఆమె చేతులది కాదు. నా చేతులది."

"నీ చేతులకేంటి?"

"గోదాములో రోజంతా మిరపకాయలు విరిచి వచ్చి, ఆ చేతులతోనే తిప్పాను. శనగపిండితో రుద్దుకోమని ఆమె మొదటిరోజే చెప్పింది. నేను వినలేదు. ఆమె ముట్టిన మూడు రోజులే పిల్లకు చెవులు నెమ్మదించాయి."

"ఇరవై ఏళ్ళు మిరపకాయల్లో పడి దొర్లావు. కారం చేతికంటుద్దని తెలవదూ?"

"నేను ముట్టుకోవడం లేదు, పరీక్షిస్తున్నాను అనుకున్నాను."

"నీ పరీక్షలు పాడుగాను!"

తరువాత ఆమె అన్నవి రాయను. పేపరు తట్టుకోలేదు. మాటల మధ్యలోనే దండెం మీద పిల్ల బట్టలు లాగి మూటకట్టడం మొదలుపెట్టింది. "పదవే, పద. ఇట్టాంటోడి దగ్గర నిన్నుంచితే ముక్కు కూడా ఊడగొడతాడు." నేను అడ్డుచెప్పలేదు. చెప్పడానికి ఏ నిబంధనా నా పక్షాన లేదు. ప్రయాణానికని రాజ్యానికి మంచిగౌను తల మీదుగా తొడగబోయింది. గౌను మెడ ఎడమచెవికి రాసుకుంది. పిల్ల పళ్ళు బిగించింది. గౌను అంచుకు తడి అంటింది.

పిచ్చమ్మ ఆ తడి చూసింది. గౌను పైకి తీసేసింది. పుండును చాలాసేపు పరిశీలించింది. తరువాత మూట పక్కన కూలబడింది.

"మా ఊళ్ళో ఇప్పుడు బట్టీలు మండుతున్నయ్. గాలంతా సున్నమే. అన్నంలో సున్నం, పక్కలో సున్నం. ఈ పచ్చిపుండు మీద పడితే తమ్మె తమ్మెంతా కొరుక్కుతింటది." నావైపు తిరిగింది. "ఇక్కడ నీ చేతులు కారం, అక్కడ మా ఊరు సున్నం. ఈ తల్లిలేని పిల్లని నన్ను ఎక్కడ పెట్టమంటావురా?"

 జేబులోని సంజాయిషీ పత్రాన్ని ఇంకా లోపలికి తోశాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని దొడ్డివైపు గొంతెత్తి అరిచింది.

"ఏమమ్మోయ్, సాయెబులమ్మా! విన్నావుగా అన్నీ? బిందె తర్వాత తోముదువు గానీ ఇట్టారా. ఆ శనగపిండి సంగతేందో నాకూ చెప్పు."

జోహరాబీ తడిచేతులతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "నన్ను గడప తొక్కనియ్యొద్దన్నారుగా అమ్మా?"

"అన్నాలే. నోరు జారింది. రా."

"నోరు కూడా శనగపిండితో కడుక్కోవాలి మరి."

 పిచ్చమ్మ ఆమెను ఎగాదిగా చూసి, పక్కకు జరిగి చాపమీద చోటిచ్చింది.

సాయంత్రం బండి వేళకు ఆమె లేవలేదు. నేనే ధైర్యం చేసి అడిగాను. "మరి రాజ్యం విషయం, అత్తయ్యా?"

"చెవి మానేదాకా నేనిక్కణ్ణించి కదలను."

"మానిన తరువాత?"

"ఏడో ఏట మళ్ళా కుట్టొద్దూ? మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టాలి గానీ దాచేపల్లిలో ఎవడి ఒళ్ళో కూర్చోబెడతా? ఉండనీ ఇక్కడే. నిన్ను చూసి గాదు. అక్కడ కోడలికి నెలలు నిండుతున్నయ్, దీన్నెవరు చూస్తారు? నువ్వు మాత్రం ఆ చేతులు పిల్లకు ఆమడ దూరంలో ఉంచు."

పై తీర్మానం మీద అప్పీలు లేదు.

20-3-1961

ఇంటి పరిపాలన చేతులు మారింది. నేను గోదాము నుంచి రాగానే పిచ్చమ్మా, జోహరాబీ వీధిగుమ్మంలోనే ఆపుతున్నారు. ఆముదం, శనగపిండి, మజ్జిగ వరసగా పెట్టి ఉంటున్నవి. ఒకరు పోస్తున్నారు, ఒకరు గోళ్ళ సందులు చూస్తున్నారు. ఇద్దరూ నా గురించి నా ఎదుటనే, నేను లేనట్టు మాట్లాడుకుంటున్నారు. మనుషులను సాధించడంలో పల్నాటివారూ గుంటూరువారూ ఇంత త్వరగా ఏకం కాగలరని అనుకోలేదు.

22-3-1961

ఎడమచెవి ఎండుతున్నది.

25-3-1961, శనివారం

ఎడమ తమ్మె చిల్లు పూడింది. చిన్న గింజంత గట్టిదనం మిగిలింది. డాక్టరు అది కరుగుతుందన్నాడు. అనుభవం లేకపోయినా మనిషి నెమ్మదైనవాడు.

కుడిచెవి తీగ తిప్పే పనిని నాకు తిరిగి ఇవ్వవచ్చునా అని గురువారంనాడు దరఖాస్తు చేసుకున్నాను. నోటిమాటగానే. పిచ్చమ్మ జోహరాబీ వైపు చూసింది. జోహరాబీ, "చెవి దానిది. దాన్నే అడగండి" అన్నది.

రాజ్యం ఆలోచించి, తనకు తోచిన పద్ధతి చెప్పింది. నేను చేతులు కడుక్కొని వచ్చిన తరువాత, నా చూపుడువేలు పట్టుకొని, నాలుక చివరకు ఆనించి చూస్తుంది. కారం లేకపోతే చెవి ఇస్తుంది. ఉంటే ఇవ్వదు. సిఫారసులు చెల్లవు.

గురువారం: "అబ్బ!" అని మూతి తుడుచుకుంది.

శుక్రవారం: నీళ్ళు తాగింది.

ఈరోజు గోదాములో నాలుగు గంటలకే పని ఆపి, చేతులు అక్కడ ఒకసారి, ఇంటికి వచ్చి రెండుసార్లు కడుక్కున్నాను. గోళ్ళు మొదలంటా తీసుకున్నాను. ముగ్గురూ చాపమీద కూర్చొని ఉన్నారు. ఎదురుగా నేను మోకాళ్ళమీద కూర్చున్నాను. వేలు చాపాను. రాజ్యం కళ్ళు మూసుకొని నాలుక ఆనించింది. చాలాసేపు తేల్చలేదు. నా నలభై ఏడేళ్ళ జీవితంలో ఏ పైఅధికారి ముందూ నేను అంతసేపు ఊపిరి ఆపుకొని కూర్చున్నట్టు జ్ఞాపకం లేదు.

"కొంచెం ఉంది మామయ్యా" అన్నది చివరకు. నా ముఖం చూసి, కాస్త జాలిపడింది కాబోలు. "రేపు చూద్దాంలే."

రేపు ఆదివారం.